1/350 యమాటో: పెద్ద యుద్ధనౌక మోడల్ కట్టడం ఎలా

జపాన్ యుద్ధనౌక యమాటో అసలు పొడవు 263 మీటర్లు. 1/350 స్కేలులో అది 75 సెంటీమీటర్లు అవుతుంది, వెడల్పు 11 సెంటీమీటర్లు. పెట్టె తెరవగానే ప్లాస్టిక్ చట్రాల దొంతర, వందల కొద్దీ ముక్కలు, లావుపాటి సూచనల పుస్తకం కనిపిస్తాయి. చాలామంది మొదటి పేజీ తీసి ఒకటో నంబరు ముక్కకు జిగురు పూసేస్తారు. పెద్ద ఓడలు సగంలో ఆగిపోయి అటక ఎక్కడానికి ముఖ్య కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. సూచనల పుస్తకం ముక్కలు అతికించే వరస చెబుతుంది కానీ రంగులు వేసే వరస చెప్పదు. చిన్న విమానం మోడల్‌కు ఆ తేడా పెద్దగా పట్టదు. ఓడకు మాత్రం ఆ వరసే ప్రాణం. ఒక గోడ అతికించాక దాని వెనక నేలకు కుంచె అందకపోతే ఇక చేయగలిగేదేమీ ఉండదు.

అందుకే ఈ వ్యాసంలో ప్రతి మెట్టునూ రంగు వైపు నుంచే చెబుతాను. ఉదాహరణకు యమాటోను తీసుకున్నాను. తమియా సంస్థ 2011లో కొత్త అచ్చులతో తెచ్చిన 1/350 కిట్ చక్కగా అమరుతుంది కాబట్టి మొదటి పెద్ద ఓడకు అదే మంచిదని నా అభిప్రాయం. బిస్మార్క్, మిస్సోరీ, హుడ్ లాంటి ఇతర యుద్ధనౌకలు కట్టేవారికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

స్కేలు గురించి ఒక్క మాట. 1/700లో యమాటో 38 సెంటీమీటర్లు ఉంటుంది. చోటు కలిసొస్తుంది కానీ ముక్కలు మరీ చిన్నవి, కళ్లు అలసిపోతాయి. 1/200లో 131 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి బల్ల కాదు, గదే కావాలి. మధ్యలో ఉన్న 1/350 చేతికీ కంటికీ ఇంటికీ సరిపోతుంది. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే అసలు ఓడ మీద 35 సెంటీమీటర్లు. ఈ లెక్కను బల్ల ముందు గోడ మీద రాసి పెట్టుకోండి, అడుగడుగునా అవసరం పడుతుంది.

ముందు తేదీ, తర్వాత జిగురు

ఓడ ఒక్కటే అయినా దాని రూపం కాలంతో మారుతుంది. యమాటో 1941 డిసెంబరు 16న నౌకాదళంలో చేరినప్పుడు తొమ్మిది 46 సెంటీమీటర్ల ప్రధాన ఫిరంగులతో పాటు 15.5 సెంటీమీటర్ల ఫిరంగుల టరెట్లు (ఫిరంగులను మోస్తూ తిరిగే ఉక్కు గదులు) నాలుగు ఉండేవి. ముందొకటి, వెనకొకటి, పక్కలకు చెరొకటి. 1944 మొదట్లో పక్క టరెట్లు రెండూ తీసేసి ఆ చోట విమాన విధ్వంసక తుపాకులు నింపారు. 1945 ఏప్రిల్ 7న ఒకినావా వైపు వెళుతూ అమెరికా విమానాల దాడిలో మునిగిపోయేనాటికి 25 మిల్లీమీటర్ల తుపాకి గొట్టాలే సుమారు 150 ఉన్నాయి. కిట్ ఏ కాలపు రూపాన్ని ఇస్తోందో పెట్టె మీద చూసుకుని, ఆ తేదీకే కట్టుబడండి. 1941 అక్టోబరులో పరీక్షా ప్రయాణాల్లో తీసిన ప్రసిద్ధ ఫోటో చూసి 1945 ఓడను కడితే రెండూ కలగాపులగం అవుతాయి.

యుద్ధం ముగిసేటప్పుడు జపాన్ నౌకాదళం పత్రాలూ ఫోటోలూ చాలావరకు ధ్వంసం చేసింది. అందుకే యమాటో డెక్ (ఓడ పై నేల) రంగు వంటి విషయాల మీద మోడల్ కట్టేవారి మధ్య వాదనలు ఇప్పటికీ సాగుతున్నాయి. మీరు ఒక పక్షం ఎంచుకుని ముందుకు సాగండి. కురే నగరంలోని యమాటో మ్యూజియంలో 1/10 స్కేలులో 26.3 మీటర్ల నమూనా ఉంది. దాని ఫోటోలు అన్ని కోణాల నుంచీ దొరుకుతాయి. బల్ల పక్కన పెట్టుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

ఇప్పుడు తెల్లకాగితం తీసుకోండి. సూచనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదువుతూ రంగుల జాబితా రాయండి. నీటి కింద ఎరుపు. డెక్‌కు చెక్క రంగు. గోడలకు, టరెట్లకు గ్రే. పొగగొట్టం పైభాగానికి, వెనక మాస్టుకు నలుపు. ఫిరంగుల మొదట్లో ఉండే గుడ్డ సంచులకు మురికి తెలుపు. ప్రతి ముక్క నంబరునూ దాని రంగు కింద వేయండి. ఒకే రంగువి, ఒకదాని వెనక ఒకటి దాక్కోనివి ముందే అతికించవచ్చు. రెండు రంగులు కలిసే చోట జిగురు ఆగాలి. ఈ కాగితం తయారు చేయడానికి రెండు సాయంత్రాలు పట్టినా నష్టం లేదు. నెలల పనిని కాపాడేది అదే.

బల్ల మీద ఉండాల్సినవి

ప్లాస్టిక్ కోసే పదునైన సైడ్ కట్టర్, సన్నని కత్తి, 400, 600, 1000 నంబరు ఎమరీ పేపర్లు, కంసాలులు వాడే లాంటి సన్న మొన పట్టకారు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్, రంగు పడకూడని చోట అంటించే మంచి మాస్కింగ్ టేపు. ఇంట్లో గోడలకు రంగు వేసేటప్పుడు వాడే టేపు పనికిరాదు, దాని అంచు కింద నుంచి రంగు పాకుతుంది.

జిగురులు మూడు రకాలు కావాలి. నీళ్లలా పలచగా ఉండే ప్లాస్టిక్ సిమెంటు మొదటిది. అది ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటిగా కలుపుతుంది. ముక్కలను ముందు చేత్తో జతపరిచి పట్టుకుని, కుంచె మొనను అతుకు మీద ఆనిస్తే జిగురు తనంతట తాను సందులోకి పాకుతుంది. ఇత్తడి ముక్కలకు ఫెవిక్విక్ తరహా సయనో జిగురు. బరువు మోయాల్సిన చోట ఆరాల్డైట్ లాంటి రెండు గొట్టాల ఎపాక్సీ.

సిమెంటు, లాకర్ రంగుల (ఘాటైన ద్రావకంతో త్వరగా ఆరే రంగుల) ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. గుడ్డ మాస్కు ధూళిని ఆపుతుందేమో కానీ ఆవిరిని ఆపదు. రసాయన ఆవిరిని పీల్చుకునే గుళికలున్న మాస్కు కొనండి, కిటికీ తెరవండి, దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ లేకుండా చూడండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే స్ప్రే పని వాళ్లు లేని వేళ పెట్టుకోండి.

కిట్ విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి. రంగులు, స్ప్రే డబ్బాలు మండే సరుకు కాబట్టి విమానంలో రావడం కష్టం. ముందు మన దేశంలో ఏ రంగులు దొరుకుతున్నాయో కనుక్కుని, వాటిని బట్టే పథకం వేసుకోండి. సగం ఓడకు ఒక కంపెనీ గ్రే, మిగతా సగానికి ఇంకో కంపెనీ గ్రే వేస్తే తేడా గది అవతలి నుంచి కూడా తెలిసిపోతుంది.

హల్ (ఓడ మొండెం): తిన్నగా లేకపోతే మిగతాదంతా వృథా

ముందు ముక్కలన్నీ చట్రాల మీద ఉండగానే గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి ప్లాస్టిక్ సులువుగా రావడానికి వాడిన జిడ్డు దాని మీద ఉంటుంది. అది పోకపోతే రంగు పట్టదు. ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు. మే నెల ఎండకు డాబా మీద గానీ, అద్దాలు మూసిన కారులో గానీ పెట్టిన హల్ మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన హల్‌ను మళ్లీ తిన్నగా చేయడం దాదాపు అసాధ్యం.

హల్ రెండు సగాలుగా వస్తే లోపలి అడ్డుపట్టీలు పెట్టి, జిగురు లేకుండా టేపుతో బిగించి చూడండి. ఒక చివర కన్ను ఆనించి అణియం (ఓడ ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా అడుగు గీత వెంట చూపు సాగించండి. వంకర ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. తర్వాత హల్‌ను బల్ల మీద నిలబెట్టి రసమట్టం పెట్టండి. తృప్తి కలిగాకే జిగురు. అదీ ఒక్కసారిగా కాదు. ఒక చివర నుంచి పది సెంటీమీటర్ల చొప్పున అతికిస్తూ, పట్టు కుదిరాక ముందుకు సాగండి. పూర్తయ్యాక ఒక రోజు కదపకండి.

డెక్ మూయకముందే చేయాల్సిన పని ఒకటుంది, అది సూచనల పుస్తకంలో ఉండదు. పూర్తయిన ఓడను రెండు ఇత్తడి కాళ్ల మీద నిలబెట్టాలనుకుంటే, అడుగున రెండు రంధ్రాలు వేసి, లోపలి వైపు ఒక్కో నట్టు పెట్టి ఎపాక్సీతో పూడ్చండి. బోల్టు అడుగు నుంచి ఎక్కించి బిగిస్తే తర్వాత ఓడ ఎక్కడికీ జారదు. డెక్ మూసేశాక ఈ పని కుదరదు. ఎపాక్సీ నట్టు మరలోకి పోకుండా, బోల్టుకు కొంచెం నూనె రాసి ఎక్కించి ఉంచండి, జిగురు గట్టిపడ్డాక విప్పండి.

ఇక డెక్. యమాటో డెక్ చదునుగా ఉండదు. అణియం దగ్గర ఎత్తుగా మొదలై, మొదటి టరెట్ దగ్గరికి వచ్చేసరికి కిందికి వాలి, మళ్లీ లేస్తుంది. ఆ ఓడ పక్క రూపంలోని అందమంతా ఆ వాలులోనే ఉంది. అక్కడే హల్ అంచుకూ డెక్‌కూ మధ్య సందు వస్తుంది. అణియం వైపు ముందు అతికించి, వాలు వెంట వేళ్లతో మెల్లగా నొక్కుతూ వెనక్కి రండి. సందు మిగిలితే పుట్టీ పెట్టి, ఆరాక 400 పేపరుతో మొదలుపెట్టి 1000 దాకా తడి రుద్దుడు రుద్దండి. రుద్దేటప్పుడు పక్కనున్న చెక్క పలకల గీతలు అరిగిపోకుండా వాటి మీద టేపు అంటించండి.

ప్రొపెల్లర్లు నాలుగు, ఒక్కోదానికి మూడు రెక్కలు. వాటిని ఇప్పుడే పెట్టొద్దు. విడిగా ఇత్తడి రంగు వేసి చివర్లో పెట్టండి. ఇరుసులు, చుక్కానులు మాత్రం ఇప్పుడే అతికించవచ్చు, అవి కూడా ఎరుపే కాబట్టి.

పెద్ద రంగులు మూడు

వరస ఇది: ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే అడుగు పూత), అడుగున ఎరుపు, డెక్‌కు చెక్క రంగు, చివర గ్రే.

ప్రైమర్‌ను 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఓడ అవతల మొదలుపెట్టి ఓడ దాటాక ఆపుతూ, పలచగా చల్లండి. ఒక్క పూతతో కప్పేయాలని చూడకండి. పదో వంతు మిల్లీమీటరు మందం రంగంటే అసలు ఓడ మీద మూడున్నర సెంటీమీటర్ల పూత. ఆ మందానికి తలుపుల అంచులు, పలకల గీతలు అన్నీ మూసుకుపోతాయి. ప్రైమర్ ఆరాక దీపాన్ని పక్కనుంచి పెట్టి చూస్తే పుట్టీ పెట్టిన చోట లోపాలు బయటపడతాయి. వాటిని సరిచేయడానికి ఇదే ఆఖరి అవకాశం.

ఎరుపుకు తమియా స్ప్రేల్లో టీఎస్-33, కుంచెకు ఎక్స్ఎఫ్-9 సరిపోతాయి. ఇంత హల్‌కు 100 మి.లీ. డబ్బాలు కనీసం రెండు సిద్ధంగా ఉంచుకోండి, మధ్యలో అయిపోతే పూతల మధ్య గీత పడుతుంది. ఎరుపు బాగా ఆరాక నీటిగీత గుర్తించాలి. ఓడను తిన్నగా నిలబెట్టి, పుస్తకాల దొంతర మీద పెన్సిల్‌ను నీటిగీత ఎత్తులో అడ్డంగా టేపుతో కట్టండి. ఆ దొంతరను బల్ల మీద జరుపుతూ ఓడ చుట్టూ తిప్పితే గీత ఒకే ఎత్తులో పడుతుంది. గీతకు కింది వైపు ముందు సన్నని టేపు అంటించి, అంచును గోటితో గట్టిగా రుద్దండి. తర్వాత వెడల్పు టేపు, దాని కింద కాగితం. గ్రే చల్లేముందు టేపు అంచు మీద మళ్లీ అదే ఎరుపును పలచగా చల్లండి. టేపు కింద ఎక్కడైనా సందుంటే ఎరుపే దాన్ని మూసేస్తుంది, ఎరుపు మీద ఎరుపు కనపడదు. ఆ తర్వాత చల్లిన గ్రే కిందికి పాకడానికి దారి ఉండదు. టేపు తీశాక కత్తితో కోసినట్టు వచ్చే గీతను చూసినప్పుడు పడ్డ శ్రమంతా మర్చిపోతారు.

బిస్మార్క్ కట్టేవారు ఇక్కడ ఒకటి గమనించాలి. దాని ఎరుపుకూ గ్రేకూ మధ్య ముదురు పట్టీ ఉంటుంది. యమాటోకు అది లేదు, గ్రే నేరుగా ఎరుపును తాకుతుంది.

డెక్‌కు ఎక్స్ఎఫ్-78 లాంటి చెక్క రంగు ఒకే తీరుగా వేస్తే ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. అసలు డెక్‌లో ప్రతి పలకా కొంచెం వేరే ఛాయలో ఉంటుంది. పలక వెడల్పు ఈ స్కేలులో అర మిల్లీమీటరు కూడా ఉండదు, అన్నింటికీ వేరే రంగు వేయడం జరిగే పని కాదు. అసలు రంగులో కొంచెం తెలుపు కలిపి ఒక ఛాయ, కొంచెం గోధుమ కలిపి ఇంకో ఛాయ చేసుకుని, సన్నని కుంచెతో అక్కడో పలక ఇక్కడో పలక గీయండి. తేడా ఉందా లేదా అన్నట్టుండాలి. ఎక్కువైతే చదరంగం బల్ల అవుతుంది. నిజమైన చెక్క పొరతో చేసిన డెక్‌లు కూడా విడిగా అమ్ముతారు. వాటిని గ్రే అంతా అయ్యాక అంటిస్తే చాలు, డెక్‌కు మాస్కింగ్ అవసరమే రాదు. మొదటిసారి కట్టేవారికి అది తేలిక. నాకు మాత్రం రంగుతో చేసిన డెక్కే ఇష్టం, ఎందుకంటే నిజమైన చెక్క చార ఈ స్కేలుకు మరీ పెద్దది. అమరం వైపు విమానాలను నిలిపే డెక్ చెక్కది కాదు, అక్కడ గ్రే వేయాలి.

జపాన్ నౌకాదళంలో ఓడలు కట్టే ఒక్కో ఆయుధాగారం తన గ్రేను తనే కలుపుకునేది. యమాటో కురేలో పుట్టిన ఓడ, దానికి కురే గ్రే. తమియా దీన్ని ఎక్స్ఎఫ్-75గా, స్ప్రేలో టీఎస్-66గా ఇస్తుంది. ససెబో అనే ఇంకో ఆయుధాగారపు గ్రే వేరే డబ్బా, కొనేటప్పుడు పేరు చదివి తీసుకోండి.

మన వాతావరణం గురించి ఇక్కడే చెప్పాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరపట్టణాల్లో వర్షాకాలం లాకర్ స్ప్రే చల్లితే గాలిలోని తేమ పూత మీద చేరి తెల్లటి పొగమంచులా పడుతుంది. వాన ముసురు ఉన్న రోజు డబ్బా ముట్టుకోకండి. ఎండాకాలం మధ్యాహ్నం ఇంకో ఇబ్బంది: రంగు ఓడను చేరేలోపే గాలిలో ఎండిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున చల్లండి. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం) వాడేవారు రంగును నిదానంగా ఆరనిచ్చే రిటార్డర్ కొన్ని చుక్కలు కలపండి.

పై కట్టడాలు

ఓడ మధ్యలో లేచే కట్టడాన్ని ఒకే గుట్టగా అతికించొద్దు. బ్రిడ్జి గోపురం (ఓడను నడిపించే చోటు), పొగగొట్టం, వెనక గోపురం, వాటి చుట్టూ మెట్లుమెట్లుగా ఉండే తుపాకి వేదికలు: ఇవి నాలుగు వేర్వేరు పనులు. ఒక్కోదాన్ని విడిగా కట్టి, విడిగా రంగు వేసి, చివర డెక్ మీద కూర్చోబెట్టండి. రంగు వేసేటప్పుడు అడుగున టూత్‌పిక్ గుచ్చి థర్మోకోల్ ముక్కలో నిలబెడితే చెయ్యి తగలదు. జిగురు పడాల్సిన చోట రంగు పడకుండా టేపు ముక్క వేయడం మర్చిపోకండి, రంగు మీద సిమెంటు పట్టదు.

బ్రిడ్జి గోపురం తలమీద అడ్డంగా చేతులు చాచినట్టు ఉండేది దూరం కొలిచే 15 మీటర్ల రేంజ్‌ఫైండర్, మోడల్‌లో 43 మిల్లీమీటర్లు. చూసేవారి కన్ను మొదట పడేది దాని మీదే. గోపురం అర డిగ్రీ పక్కకు వాలినా ఇది బయటపెట్టేస్తుంది. అతికించిన వెంటనే ముందు నుంచి చూడండి, రేంజ్‌ఫైండర్ అంచూ డెక్ అంచూ సమాంతరంగా ఉండాలి. జిగురు మెత్తగా ఉన్న కొద్ది నిమిషాల్లోనే సరిదిద్దుకోవాలి.

ప్రధాన టరెట్ల దగ్గర తీరిగ్గా కూర్చోండి. అసలు ఓడలో ఒక్కో టరెట్ బరువు సుమారు 2,500 టన్నులు, ఆనాటి ఒక డిస్ట్రాయర్ కంటే ఎక్కువ. ఆ బరువు మోడల్‌లోనూ తెలియాలంటే ఫిరంగి గొట్టాలు నిఖార్సుగా గుండ్రంగా, తిన్నగా ఉండాలి. ప్లాస్టిక్ గొట్టం పొడవునా అచ్చు గీత ఉంటుంది. దాన్ని ఎమరీతో ఒకే చోట రుద్దితే గొట్టం చదునైపోతుంది, వేళ్ల మధ్య తిప్పుతూ రుద్దండి. కొన చూడండి. 460 మిల్లీమీటర్లను 350తో భాగిస్తే 1.3 వస్తుంది, రంధ్రం వ్యాసం అంతే ఉండాలి. ముందు సూదితో మధ్యలో చుక్క గుచ్చి, సన్నని బిట్‌తో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. నేరుగా పెద్ద బిట్ పెడితే రంధ్రం పక్కకు జరుగుతుంది. డబ్బు పెట్టగలిగితే లేత్ మీద తీసిన ఇత్తడి గొట్టాల సెట్ కొనండి. ఓడకు అదనంగా కొనదగ్గ వస్తువు ఒక్కటే చెప్పమంటే నేను వాటినే చెబుతాను. మొదట్లోని గుడ్డ సంచులకు అచ్చ తెలుపు కాకుండా చిటికెడు గోధుమ కలిపిన తెలుపు వేసి, మడతల్లో పలచటి గోధుమ నీళ్లు దింపండి.

ఇక 25 మిల్లీమీటర్ల తుపాకులు. కొత్తవారి ఓపిక ఇక్కడే అడుగంటుతుంది. అన్నీ ఒక్క వారంలో ముగించాలనుకోకండి. ఓడ పని మొదలైన రోజు నుంచే రోజూ కొన్ని చేసి డబ్బాలో వేస్తూ ఉండండి. హల్ ఆరుతున్నప్పుడు, వాన వల్ల స్ప్రే ఆగినప్పుడు ఈ పనే చేయండి. గొట్టాలన్నీ ఒకే కోణంలో ఆకాశం వైపు ఉంచడమా, వేర్వేరుగా తిప్పడమా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ప్రయాణంలో ఉన్న ఓడగా చూపాలంటే అన్నీ ఒకే వరసలో ఉంటేనే క్రమశిక్షణ కనిపిస్తుంది.

ఇత్తడి రేకు ముక్కలు

ఆమ్లంతో చెక్కిన పలచటి ఇత్తడి ముక్కలు చేర్చితే మోడల్ రూపమే మారిపోతుంది. మొదటి ఓడకు అన్నీ వాడాల్సిన పని లేదు. విమానాలను విసిరే కాటపుల్టులు రెండు, వెనక క్రేను, రేంజ్‌ఫైండర్ మీది 21 రకం రాడార్ చాలు. ప్లాస్టిక్‌లో మందంగా, మూసుకుపోయినట్టు ఉండేవి ఇవే, కాబట్టి తేడా బాగా తెలిసేది వీటితోనే.

ముక్కను గాజు పలక మీద గానీ నున్నటి టైల్ మీద గానీ పెట్టి, వంపు తిరిగిన బ్లేడుతో నొక్కి కోయండి. మెత్తటి మ్యాట్ మీద కోస్తే వంగిపోతుంది. కోసేటప్పుడు రెండో చేతి వేలితో ముక్కను అదిమి పట్టండి, లేకపోతే అది ఎగిరి ఎక్కడ పడిందో జన్మలో దొరకదు. గుండ్రంగా వంచాల్సినదాన్ని ముందు మంట మీద క్షణం సేపు కాల్చితే మెత్తబడుతుంది. సయనో జిగురును సీసా నుంచి నేరుగా వేయొద్దు. చిన్న చుక్కను టైల్ మీద వేసుకుని, సూది కొనతో తీసి అంటించండి. రంగు వేసేముందు లోహానికి పట్టే ప్రైమర్ చల్లండి.

చుట్టూ రెయిలింగ్ పెట్టాలనుకుంటే దాన్ని అన్నింటికంటే చివరికి వదిలేయండి. అసలు ఓడలో మీటరు ఎత్తున్నది ఇక్కడ 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఒక్క చేతి తాకిడికి వంగిపోతుంది. చట్రం మీద ఉండగానే గ్రే వేసి, డెక్ అంచు కొలిచి చిన్న చిన్న పొడవుల్లో కోసి పెట్టుకుంటూ రండి.

ఉప్పునీటి గుర్తులు

కొత్తగా రంగు వేసిన ఓడ బొమ్మలా ఉంటుంది. దానికి సముద్రం తగిలినట్టు చేయడం ఒక కళ. మితిమీరితే తుక్కు ఓడ అవుతుంది. ముందు మొత్తం మీద మెరిసే వార్నిష్ పలచగా చల్లండి. ముదురు గోధుమ ఎనామెల్ రంగును బాగా పలచన చేసి, సన్న కుంచెతో తలుపుల చుట్టూ, అంచుల మూలల్లో మాత్రమే తాకించండి, మెరిసే పూత మీద అది సందుల వెంట పరుగెడుతుంది. అరగంటయ్యాక థిన్నర్‌తో తడిపిన కుంచెతో పై నుంచి కిందికి తుడవండి. అడ్డంగా ఎప్పుడూ తుడవొద్దు, నీళ్లు కారేది కిందికే.

తుప్పు ఎక్కడ వేయాలన్నది పుస్తకాల్లో కంటే రేవులో బాగా తెలుస్తుంది. విశాఖలో గానీ కాకినాడలో గానీ ఉన్నవారు లంగరేసి ఉన్న ఓడలను దూరం నుంచి ఒక గంట గమనించండి. తుప్పు చారలు ఎక్కువగా లంగరు గొలుసు దిగే కన్నం కింద, నీళ్లు బయటికి వచ్చే రంధ్రాల కింద కనిపిస్తాయి. గోడ మధ్యలో పొడి చోట ఉండవు. అలాగే విశాఖ సముద్రతీరంలో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి పక్కన నిలబడి చూడండి. దాని పొడవు సుమారు 91 మీటర్లు, మీ స్కేలులో 26 సెంటీమీటర్లు. అంత లోహం పక్కన మనిషి ఎంత ఉంటాడో ఒకసారి కళ్లతో చూస్తే, మోడల్ మీద 5 మిల్లీమీటర్ల మనిషికి తుప్పు చార ఎంత వెడల్పుండాలో తేలిగ్గా అర్థమవుతుంది. చాలా మోడళ్ల మీద కనిపించే రెండు మిల్లీమీటర్ల చార అంటే అసలు ఓడ మీద 70 సెంటీమీటర్లు. దాన్ని వెంట్రుకంత సన్నం చేయండి.

అన్నీ అయ్యాక మెరుపు లేని వార్నిష్. ఓడ ముక్కున ఉండే చామంతి రాజముద్రకు మాత్రం బంగారు రంగును ఆ తర్వాతే వేయండి, లేకపోతే దాని మెరుపు చచ్చిపోతుంది.

తాళ్లు, పెట్టె

మాస్టుల తాళ్లకు సాగే సన్న నైలాన్ దారం అమ్ముతారు. అది లేకపోతే చట్రం ముక్కను కొవ్వొత్తి మంటకు పైన తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే మంట నుంచి పక్కకు తీసి రెండు చేతులతో నిదానంగా లాగండి. వెంట్రుకలాంటి ప్లాస్టిక్ తీగ వస్తుంది. రంగుల సీసాలు, సిమెంటు పూర్తిగా వేరే గదిలో ఉన్నప్పుడే ఈ పని చేయండి. తాళ్లను లోపలి వైపు నుంచి బయటికి, కింది నుంచి పైకి కట్టుకుంటూ వస్తే కట్టినదాన్ని చెయ్యి తెంపదు. రెయిలింగ్ పెట్టాల్సింది ఆ తర్వాత.

దుమ్ము ఓడకు అతి పెద్ద శత్రువు. కుంచెతో దులిపితే దుమ్ముతో పాటు తుపాకులూ రాలతాయి. కాబట్టి అక్రిలిక్ పెట్టె ఖర్చును కిట్ ఖర్చులోనే వేసుకోండి. పెట్టె ఓడ కంటే ఇరువైపులా కనీసం ఐదు సెంటీమీటర్లు పొడవుండాలి, మాస్టు కొస పైన కూడా అంతే చోటు కావాలి. పీట చెక్కకు రెండు రంధ్రాలు వేసి, ఇత్తడి కాళ్ల గుండా బోల్టులు పైకి పంపి, హల్‌లో పూడ్చి ఉంచిన నట్లలోకి చేత్తో బిగించండి. పానాతో తిప్పితే ఎపాక్సీ ఊడుతుంది. నేరుగా ఎండ పడని గోడ ఎంచుకోండి.

పీట మీద పేరుపలక పెడితే ఓడ పేరుతో పాటు మీరు ఎంచుకున్న తేదీ కూడా చెక్కించండి. 1945 ఏప్రిల్ 7 ఎంచుకున్నవారు ఆ రోజు ఈ ఓడతో పాటు 3,000 మందికి పైగా నావికులు చనిపోయారన్న వాక్యాన్ని కూడా చేర్చాలని నా కోరిక. ఇల్లు మారాల్సి వస్తే ఓడను పీట నుంచి విప్పకండి. పెట్టె మూత తీసి, పీటను అట్టపెట్టె అడుగుకు స్క్రూలతో బిగించి, ఓడకు ఏదీ తగలకుండా చుట్టూ ఖాళీ ఉంచి, ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లండి.